సీమ సిపాయి జాబు: మధ్యలో మూడో మనిషి

పాపఘ్ని నది కొండను చీల్చుకుని బయటపడే చోట గండి క్షేత్రం ఉంది. పులివెందుల వైపు జనానికి అక్కడి వీరాంజనేయుడితో పాటు ఒక దొర కథ కూడా తెలుసు. లంక నుంచి తిరిగొస్తున్న రాముడి కోసం వాయుదేవుడు ఆ రెండు కొండల నడుమ బంగారు తోరణం కట్టాడట. అది మామూలు కళ్లకు ఆనదు. పుణ్యాత్ముడికి మాత్రం, అదీ చావు దగ్గర పడినప్పుడు కనిపిస్తుందట. మద్రాసు గవర్నరు సర్ థామస్ మన్రో గుర్రమ్మీద ఆ దారిన పోతూ తలెత్తి, ఆ మెరుపేమిటని అడిగాడని, పక్కనున్నవాళ్లకు ఏమీ కనపడలేదని, కొద్ది కాలానికే ఆయన పోయాడని పెద్దలు చెబుతారు. ఈ కథ జిల్లా గెజెటీరులోకి కూడా ఎక్కింది.

తోరణం సంగతి ఆంజనేయుడికి ఎరుక. మన్రో మాత్రం 1827 జూలై 6న పత్తికొండలో కలరాతో పోయాడు. భార్య జేన్ అంతకు ఏడాది ముందే, జబ్బు చేసిన చిన్న కొడుకును వెంటబెట్టుకుని ఇంగ్లండు ఓడ ఎక్కింది. ఆమె లేని గిండీ తోట ఎలా ఉందో వర్ణిస్తూ ఆయన రాసిన జాబు ప్రసిద్ధం. తన స్థానంలోకి కొత్త గవర్నరు ఎప్పుడొస్తాడా, తానెప్పుడు ఓడెక్కుతానా అని ఎదురుచూస్తూనే కన్నుమూశాడు. ఆ కబురు ఆమెకు చేరాలంటే గుడ్‌హోప్ అగ్రం చుట్టి నెలలు ప్రయాణం చేయాలి. ఆ నెలలన్నీ ఆమె లెక్కలో మొగుడు బతికే ఉన్నాడు.

పరాయి దేశంలో ఉన్న సిపాయికీ వాడి ఇంటికీ మధ్య కబుర్లు ఎలా నడిచాయన్న కథను ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతానికి సంబంధించి చెప్పాలంటే మన పిల్లలతో కాక మన్రోతో మొదలుపెట్టాలి. ఎందుకంటే ఇక్కడి గుడారాల్లో కూర్చుని ఇంటికి రాసుకున్న సిపాయి జాబులు అచ్చులో మిగిలింది ఆయనవే. అంతకు నూటయాభై ఏళ్ల కిందట, 1652లో, ఫ్రెంచి వర్తకుడు తావెర్నియే గండికోటకు వచ్చినప్పుడు అక్కడ మీర్ జుమ్లా కొలువులో ఫిరంగులు పోతపోస్తున్న మరో ఫ్రెంచివాణ్ని చూశాడు. అతని సంగతి మనదాకా వచ్చింది తావెర్నియే పుస్తకం వల్ల. ఇంటికి దూరంగా ఉన్న సిపాయి మాట ఎప్పుడూ అంతే. మధ్యలో మూడో మనిషి ఎవడో ఉంటే తప్ప నిలవదు.

మన్రో 1780 జనవరిలో మద్రాసులో దిగేనాటికి ఆయనకు నిండా పంతొమ్మిది లేవు, హోదా పదాతిదళంలో కాడెట్. తండ్రి గ్లాస్గో వర్తకుడు. అమెరికా వలసలు తిరగబడటంతో వర్జీనియా వ్యాపారం మునిగి, ఇల్లు గుల్లయింది. చేలు ఎండిపోతే మిలట్రీకి పోయే సీమ పిల్లవాడి కథకూ దీనికీ పెద్ద తేడా లేదు. దిగిన ఏడాదే హైదరలీతో యుద్ధం. అన్నదమ్ముల్లో ఒకరితో కలిసి తండ్రికి ఏటేటా సొమ్ము పంపే ఏర్పాటు చేసుకున్నాడు. చెల్లెలు ఎర్‌స్కిన్‌కు రాసిన జాబుల్లో హాస్యం ఎక్కువ. ఇండియా అంటే నవాబుల వైభోగమని ఆమె అనుకుంటుంటే, తనకు పుస్తకమో తూటాల సంచో తలగడ అని, తిండి గంజికి తక్కువేం కాదని ఎగతాళిగా రాశాడు. కష్టం చెప్పాలి, ఇంట్లోవాళ్లు ఏడవకూడదు. ఆ కిటుకు తర్వాత వచ్చిన సిపాయిలందరూ ఎవరూ నేర్పకుండానే నేర్చుకున్నారు.

1800లో నిజాం మన జిల్లాలను కుంపిణీకి వదిలేశాడు. మన్రో దత్తమండలాలకు ప్రధాన కలెక్టరై, 1807 దాకా ఊరూరా గుడారం వేసుకుంటూ తిరిగాడు. పాళెగాళ్లను అణచటం, చేను చేనునూ కొలిపించి రైతుతో నేరుగా శిస్తు కట్టించుకునే పద్ధతి పెట్టటం, అన్నీ ఆ గుడారాల నుంచే. ఇక్కడి నుంచి బయలుదేరిన జాబు టపా మనిషి భుజం మీద మద్రాసు చేరాలి, అక్కడ ఓడ దొరకాలి. ఆ రోజుల్లో ఫ్రాన్సుతో యుద్ధం. ఓడ శత్రువు చేత చిక్కితే జాబూ పోయినట్టే. అందుకే ముఖ్యమైన జాబును రెండు మూడు నకళ్లు రాయించి వేరువేరు ఓడల్లో పంపేవాళ్లు. ప్రశ్న ఇవాళ రాస్తే జవాబు రావటానికి ఏడాది. జవాబు వచ్చేసరికి ప్రశ్నే మారిపోయి ఉంటుంది. 1808లో ఆయన ఇల్లు చేరేసరికి తల్లి లేదు. తండ్రి ముసలివాడైపోయాడు. తనకేమో చెవుడు ముదిరింది.

ఆయన పోయిన మూడేళ్లకు, 1830లో, సైన్యం వదిలి పాదిరి అయిన గ్లీగ్ అనే ఆయన ఆ జాబులన్నీ సేకరించి జీవితచరిత్రగా అచ్చు వేయించాడు. మన్రో విషయంలో మూడో మనిషి ఆయనే. చచ్చాక వచ్చాడు కాబట్టి బతికుండగా అడ్డం రాలేదు. మన సిపాయిలకు ఆ అదృష్టం లేదు.

కుంపిణీ మద్రాసు సైన్యంలో తెలుగువాళ్లు మొదటి నుంచీ గట్టిగానే ఉన్నారు. ఆ సైన్యం 1810లో మారిషస్‌కు, 1811లో జావాకు, 1824లో రంగూనుకు, 1840లో చైనాకు ఓడల మీద వెళ్లింది. అదే 1824లో బర్మాకు పొమ్మంటే బెంగాల్ సిపాయిలు బారక్‌పూరులో మొండికేశారు, తుపాకులతో సమాధానం చెప్పించుకున్నారు. మద్రాసు సిపాయికి సముద్రం అంత అంటుగా తోచలేదు. అయితే అతని పద్ధతి వేరు. దేశంలో ఉన్నంతకాలం పెండ్లాం పిల్లలు పటాలం వెంటే, లైనుల్లోనే ఉండేవాళ్లు. ఓడెక్కిన రోజు తెగిపోయేది ఆ కాపురం. అందుకని జీతంలో కొంత భాగం ఇంటివాళ్లకు ఇక్కడే ముట్టేలా ఏర్పాటు చేశారు. భర్త రంగూను బురదలో జ్వరంతో పడి ఉన్నాడా, కోలుకున్నాడా అన్నది భార్యకు తెలిసే గుర్తు ఆ సొమ్మే. నెలనెలా వస్తుంటే ఉన్నాడని, ఆగితే లేడని. బర్మా యుద్ధంలో తూటాల కన్నా రోగాలే ఎక్కువమందిని తీసుకుపోయాయి.

ఈ కథలో సొమ్ముకు పెద్ద పాత్ర ఉంది. ఉత్తరాల మీద కవిత్వం చెప్పేవాళ్లు దీన్ని మరిచిపోతుంటారు. 1854లో అర్ధణా బిళ్లతో దేశమంతా ఒకే రేటుకు జాబు వెళ్లసాగింది. 1871కల్లా మద్రాసు రైలు బొంబాయి రైలుతో రాయచూరు దగ్గర కలిసింది. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు మనిషికి ఎర్రగుంట్ల, పులివెందుల మనిషికి ముద్దనూరు ప్రపంచానికి గుమ్మాలయ్యాయి. కానీ సిపాయి ఇంటికి నిజంగా మేలు చేసింది 1880లో తపాలా శాఖ పెట్టిన మనియార్డరు. ఆ ఫారం అడుగున రెండు మూడు వాక్యాలకు చోటు ఉండేది. చదువురాని ఇంట్లో కూడా ఆ ముక్క చూరులోనో పెట్టెలోనో భద్రంగా దాగేది, డబ్బు ఖర్చయి ఏళ్లు గడిచినా.

మద్రాసు సైన్యానికి 1881 నుంచి 1885 దాకా సేనాధిపతిగా ఉన్న రాబర్ట్స్‌కు దక్షిణాది సిపాయి మీద నమ్మకం లేదు. యుద్ధానికి పుట్టిన జాతులు వేరే ఉన్నాయన్న సిద్ధాంతం ఒకటి తలకెక్కింది ఆ తరం అధికారులకు. దాని పుణ్యమా అని తెలుగువాళ్ల భర్తీ దాదాపు అడుగంటింది. నూరేళ్ల పాటు ఓడలెక్కి పోరాడిన వాళ్లను ఒక తరంలో పనికిరానివాళ్లను చేసిన ఆ సిద్ధాంతం ఎంత డొల్లదో 1914లో మనుషులు కావలసి వచ్చినప్పుడు తేలిపోయింది. మద్రాసు రాష్ట్రం నుంచి తొంభై వేలకు పైగా మందిని తీసుకున్నారు, సిపాయిలుగా, కూలీ దళాలుగా. పశ్చిమ గోదావరిలోని మాధవరం ఆ యుద్ధంతోనే మిలటరీ మాధవరం అయింది. సీమ నుంచి వెళ్లినవాళ్లకు ఊరిపేరు మారేంత కీర్తి దక్కలేదు. మెసపొటేమియాలోని బస్రాలో రేవు పనులు, రైలుకట్టలు, మూటలు మోయటం, వాళ్ల యుద్ధం అది.

ఆ బస్రా నుంచి జాబు రావాలంటే ఎందరు చేతులు వేయాలో చూడండి. 1911 జనాభా లెక్కల నాటికి మద్రాసు రాష్ట్రంలో నూటికి ఎనిమిది మందికి కూడా అక్షరాలు రావు. సిపాయి చెబుతుంటే పటాలంలో చదువుకున్నవాడు రాస్తాడు. సెన్సారు ఆఫీసరు చదువుతాడు. ఇక్కడ కరణమో, బడిపంతులో, ప్రొద్దుటూరు మసీదు వీధి అయితే ముల్లాగారో, జమ్మలమడుగు మిషనరీల చుట్టుపక్కల పల్లె అయితే పాదిరి ఉపదేశకుడో చదివి వినిపిస్తాడు. చుట్టూ ఊళ్లోవాళ్లు. భార్యాభర్తల మాట నలుగురి నోళ్లు దాటి, నలుగురి చెవుల్లో పడి ఆమెకు చేరుతుంది. ఉభయకుశలోపరి అని మొదలై, పేరుపేరునా అందరినీ అడిగినట్టు చెప్పమని ముగిసే ఆ జాబుల్లో అసలు సంగతి లేదని ఇప్పటివాళ్లు వెక్కిరిస్తారు. అంతమంది ముందు ఏం చెప్పుకుంటాడు? ఆ మూస వాక్యాలే ఆయన మర్యాద. ఎద్దు ఎలా ఉంది అని అడిగాడంటే, ఎవరి గురించి అడిగాడో ఆమెకు తెలుసు.

ఫ్రాన్సులో ఉన్న భారత సైన్యం 1915లో వారానికి పది వేలకు పైగా జాబులు రాసేది. వాటిని చదవటానికి బులోన్ రేవులో ఒక ఆఫీసే పెట్టారు. ఈవ్లిన్ హోవెల్ అనే అధికారి దానికి పెద్ద. సిపాయిలు తెలివైనవాళ్లు. తెల్ల సైనికులను ఎర్ర కారమని, తమవాళ్లను మిరియాలని పేరు పెట్టి, మిరియాలు ఖర్చయిపోతున్నాయని, కారం ఇంకా మిగిలి ఉందని రాసుకున్నారు. సెన్సారుకు అది అర్థం కాకపోలేదు. తర్జుమా చేసి నివేదికలో ఎక్కించాడు. ఆ నివేదికలు లండనులో భద్రంగా ఉన్నాయి. ఇప్పుడు మొదటి ప్రపంచయుద్ధపు భారత సిపాయి గొంతు మనకు వినిపిస్తున్నదంటే, వాడి ఇంటి పెట్టెల వల్ల కాదు, వాడి జాబు దొంగతనంగా చదివిన ఆఫీసు వల్ల. అందులో పంజాబువాళ్లవే ఎక్కువ. ఫ్రాన్సుకు వెళ్లినవాళ్లలో వాళ్లే ఎక్కువ కాబట్టి. మెసపొటేమియాలో చెమట కార్చిన మద్రాసు సిపాయికి నిఘా చరిత్రలో కూడా వెనక బెంచీయే దక్కింది.

రెండో యుద్ధంలో కథ మళ్లీ మారింది. 1942లో మద్రాసు రెజిమెంటును తిరిగి నిలబెట్టారు. కరువు సీమలో భర్తీ ఆఫీసరుకు పెద్దగా ఉపన్యాసం చెప్పాల్సిన అవసరం లేదు. నెల జీతం, ఇంటికి వాటా, మూడు పూటలా తిండి. అదే ఏడు ఫిబ్రవరి 15న సింగపూరు జపానువాళ్ల చేత పడింది. 40 వేలకు మించి భారత సైనికులు బందీలయ్యారు. ఆ రోజు నుంచి మూడున్నరేళ్ల పాటు చాలా ఇళ్లకు ఒకే మాట అందింది, ఆచూకీ లేదని. చనిపోయాడని చెబితే కర్మకాండ చేసుకుంటారు. ఆచూకీ లేదంటే బొట్టు ఉంచుకోవాలా తీయాలా? ఈ ప్రశ్నకు ఏ తపాలా శాఖా జవాబివ్వలేదు. బందీలకు అనుమతించిన కార్డుల మీద అచ్చు వేసిన వాక్యాలు నాలుగైదు ఉండేవి, పనికొచ్చేది ఉంచి మిగిలింది కొట్టేయాలి. మనిషి మాటలు మనిషివి కాకుండా పోయిన దశ అది. 2015లో వచ్చిన ‘కంచె’ సినిమా పుణ్యాన ఆ యుద్ధంలో తెలుగు సిపాయిలు కూడా ఉన్నారని కొత్త తరానికి తెలిసింది. సినిమా ఇటలీని ఎంచుకుంది. మలయా జైళ్ల కథ ఇంకా ఎవరి కోసమో కాచుకుని ఉంది.

స్వాతంత్ర్యం తర్వాత మన సిపాయి ఇతరుల తగవులు తీర్చటానికి ఓడెక్కసాగాడు. 1953లో కొరియాలో యుద్ధఖైదీల కాపలాకు భారత దళం వెళ్లింది. సొంత దేశానికి తిరిగి వెళ్లం అని భీష్మించిన ఇరవై రెండు వేలకు పైగా బందీలను, జనరల్ తిమ్మయ్య అధ్యక్షతన ఉన్న కమిషన్ తరపున, నెలల పాటు కాచింది. అక్కడ మనవాళ్లు దిగిన శిబిరం పేరు హింద్ నగర్. అక్కడి నుంచి జాబులు పంపటానికి మన తపాలా బిళ్లల మీదే ‘భారతీయ సంరక్షా కటక్ కొరియా’ అని హిందీలో ముద్ర గుద్దారు. 1954 నుంచి ఇండోచైనాకు వెళ్లినవాళ్లకు కంబోజ, లావోస్, వియత్నాం పేర్లతో వేరువేరు ముద్రలు. 1962లో కాంగో పేరుతో మరొకటి. మద్రాసు రెజిమెంటు నాలుగో బెటాలియన్ ఆ కాంగోకు వెళ్లింది. 1965లో గాజా దళానికి నెహ్రూ బొమ్మ బిళ్ల మీద యూఎన్ఈఎఫ్ అని ముద్ర. పాపఘ్ని ఒడ్డున బావి మోట లాగే ఇంటికి కాంగో ముద్రతో కవరు వచ్చిందంటే, ఆ వీధికి భూగోళం ఒక్కసారిగా పెద్దదైనట్టే.

అటువైపు చిరునామా మాత్రం చిన్నదైపోయింది. ఊరు లేదు, దేశం లేదు. నంబరు, పేరు, పటాలం, ఆ కింద కేరాఫ్ 56 ఏపీఓ. తూర్పు దిక్కయితే 99 ఏపీఓ. 56 వాళ్లవి ఢిల్లీలో, 99 వాళ్లవి కలకత్తాలో వేరుపరచి, మనిషి ఎక్కడుంటే అక్కడికి చేరవేస్తారు. మిలటరీ తపాలా దళం 1972 మార్చి 1న సొంత కోర్‌గా ఏర్పడింది. కొడుకు హిమాలయాల్లో ఉన్నాడో, సముద్రానికి అవతల ఉన్నాడో చిరునామాను బట్టి తల్లికి తెలియదు. గుట్టు కోసం చేసిన ఏర్పాటే అయినా, ఒక మేలు చేసింది. బదిలీ ఎన్నిసార్లయినా ఇంట్లో గుర్తు పెట్టుకోవాల్సింది ఒక్క అంకె. అక్షరం రాని అవ్వలు కూడా ఆ అంకెను మాత్రం నోటికి చెప్పేవాళ్లు.

1960, 70లలో ఈ ప్రాంతంలో మూడో మనిషి అంటే పోస్టుమనిషే. జాబు తెచ్చేదీ ఆయనే, చదివేదీ ఆయనే, చాలాచోట్ల జవాబు రాసేదీ ఆయనే. మనియార్డరు తెచ్చిన రోజు కాఫీ, రెండు రూపాయల మామూలు. ఆ డబ్బులో కొంత ప్రొద్దుటూరు బంగారు అంగళ్లకు చేరి, చెల్లెలి మెడలో గొలుసయ్యేది. కవరు మూలలకు పసుపు పూసి ఉంటే పెళ్లికబురు. కార్డు మూల చింపి ఉంటే గడప బయటే చదివి పారేయాలి. టెలిగ్రాం అయితే విప్పకముందే ఏడుపు మొదలు. ఆ భయాన్ని జనం సెలవు కోసం వాడుకోవటం కూడా నేర్చారు. తల్లికి సీరియస్, వెంటనే బయలుదేరు అని తంతి కొడితే కొడుక్కి సెలవు దొరుకుతుందని ప్రతి ఊళ్లోనూ తెలుసు. పై అధికారులకూ ఆ కిటుకు తెలుసు. నిజంగా తల్లి మంచాన పడ్డవాడికి అందువల్ల ఎంత అన్యాయం జరిగిందో లెక్క లేదు. 2013 జూలైలో టెలిగ్రాం శాశ్వతంగా మూతపడినప్పుడు పత్రికల్లో జ్ఞాపకాలు వెల్లువెత్తాయి కానీ, మిలట్రీ ఇళ్లలో దానికోసం కన్నీళ్లు పెట్టినవాళ్లు ఉండరనుకుంటా.

1963లో కడపకు ఆకాశవాణి వచ్చింది. వివిధభారతిలో జవాన్ల కోసం జయమాల వచ్చేది. పాట కోరిన జవాను పేరు రేడియోలో వినపడటం ఒక రకం క్షేమసమాచారం. ఇక్కడి తల్లులకు హిందీ రాదు, పేర్లు మాత్రం వినేవాళ్లు.

తర్వాత ఇరవై ఏళ్లు పెద్దగా మారిందేమీ లేదు. 1987 జూలైలో శాంతిసేన శ్రీలంకకు వెళ్లింది. ఈ దూరం విచిత్రమైనది. మద్రాసు నుంచి చూస్తే జాఫ్నా మరీ పెద్ద దూరమేం కాదు, అయినా పరాయి దేశం, అందులోనూ శాంతి పేరుతో యుద్ధం. మద్రాసు రెజిమెంటు బెటాలియన్లు అందులో ఉన్నాయి. 1990 మార్చిలో ఆఖరి దళం తిరిగొచ్చే లోపల వెయ్యికి పైగా జవాన్లు అక్కడ పోయారు. అప్పటికి పట్టణాల్లో ఫోన్లు వచ్చాయి. జవాను దగ్గర మాత్రం ఇన్‌లాండ్ లెటరే. పేపర్లో నిన్నటి పోరు ఇవాళ వచ్చేది, కొడుకు జాబు పది రోజుల కిందటిది. వార్త ముందు, మనిషి వెనక. క్షేమంగా ఉన్నానన్న జాబు చదివి కూడా, రాసిన తర్వాత ఏం జరిగిందో అని కుమిలిపోవటం ఆ మూడేళ్ల బాధ.

శాంతిసేన తిరిగొచ్చిన 1990లోనే, ఆగస్టు 2న ఇరాక్ కువైట్‌ను ఆక్రమించింది. కడప జిల్లాకు అది సొంత యుద్ధం. తుపాకీ పట్టకుండానే మనవాళ్లు యుద్ధరంగంలో చిక్కుకున్నారు, డ్రైవర్లు, వంటవాళ్లు, ఇళ్లల్లో పనిచేసే ఆడవాళ్లు. ఫోన్లు తెగిపోయాయి. కొడుకు సిపాయి అయితే పేరు రాసుకున్న పటాలం ఒకటుంటుంది. కువైట్‌లో పనిమనిషి పేరు ఏ రిజిస్టరులో వెతకాలి? అమ్మాన్ మీదుగా బొంబాయికి 488 విమానాల్లో లక్షకు పైగా మందిని తెచ్చారు. బొంబాయి నుంచి రైల్లో ఎర్రగుంట్లలోనో కడపలోనో దిగేదాకా చాలా ఇళ్లకు మనిషి బతికున్నాడని తెలియదు. మనిషే జాబైన సందర్భం అది. గల్ఫువాళ్లు అంతకుముందే క్యాసెట్టులో మాటలు నింపి పంపే అలవాటు పెట్టుకున్నారు. చదువు రాకున్నా, పోస్టుమనిషి లేకున్నా, మాట నేరుగా చేరే దారి అది. పెండ్లాం మొగుడి గొంతు వినాలంటే టేప్‌రికార్డరు ఉన్న ఇంటికి పోవాల్సి రావటమే దానికి అడ్డం.

తొంభైలలో ఎస్‌టీడీ బూత్‌ల కాలం. ప్రొద్దుటూరు బజారులోనూ, జమ్మలమడుగు బస్టాండు దగ్గరా పసుపు బోర్డులు వెలిశాయి. రాత్రి పదకొండు దాటితే పావు రేటు కాబట్టి జవాన్ల ఇళ్లవాళ్లు నిద్ర కాచుకుని వచ్చేవాళ్లు. పల్లెల్లో ఫోన్ ఉన్న ఇల్లు ఒకటే. ఆ నంబరు పక్కన పీపీ అని రాసి పటాలానికి పంపేవాళ్లు. మీ అబ్బోడు ఫోన్ చేసినాడు, మళ్లీ పది నిమిషాలకు చేస్తాడంట, రామ్మా అని పిలుపు వచ్చేది. ఆమె పరుగెత్తుకుని వెళ్లి, ఆ ఇంటివాళ్లందరి ముందు, రిసీవరు పట్టుకుని బాగున్నావా నాయనా, తిన్యావా అని అడిగి, అంతకుమించి మాట రాక నిలబడేది. 1915లో కరణం అరుగు మీద విన్నామె పరిస్థితీ, 1995లో ఈమె పరిస్థితీ ఒకటే. ఎనభై ఏళ్లలో వేగం పెరిగింది, చాటు దొరకలేదు.

ఆ చాటును ఇచ్చింది జేబులో ఫోను. కథలో మూడో మనిషి లేకుండా పోయింది మొదటిసారి అప్పుడే. ఇవాళ దక్షిణ సూడాన్‌లోనో, కాంగోలోనో, లెబనాన్‌లోనో ఐక్యరాజ్యసమితి నీలిటోపీ పెట్టుకున్న జవాను పులివెందుల పక్క పల్లెలో తన చీనీ తోటను వీడియోలో చూస్తాడు. బోరులో నీళ్లు ఎంతలో ఉన్నాయి, టన్ను ఏం ధర పలికింది అని అడుగుతాడు. ప్రొద్దుటూరు దసరాలో అమ్మవారిశాల ముందు నిలబడి భార్య ఫోను పైకెత్తి చూపిస్తుంది. 2009లో మొదలైన మావ్ని పథకం కింద కొందరు తెలుగు విద్యార్థులు అమెరికా సైన్యంలో కూడా చేరారు. వాళ్ల ఇళ్లవాళ్లకు పగలు రాత్రి తేడా ఒక్కటే అడ్డం.

పూర్తిగా పోయాడా మూడో మనిషి? 2020 జూలైలో మన సైన్యం జవాన్ల ఫోన్ల నుంచి ఫేస్‌బుక్ సహా 89 యాప్‌లు తీసేయమంది. శత్రువు ఆ దారుల్లో కాచుకుని ఉన్నాడు కాబట్టి అది అవసరమే. బులోన్ రేవులో కూర్చున్న హోవెల్ వారసుడు ఇప్పుడు ప్రతి జాబూ చదవలేడు, అందుకని దారినే మూసేస్తున్నాడు. ఇంట్లోవాళ్లకు కూడా కొత్త చదువు వచ్చింది. రెండు రోజులు ఫోను మోగకపోతే కంగారు పడకూడదు, ఎక్కడున్నావని అడగకూడదు, మిలట్రీ బట్టల్లో ఫొటో ఎవరికీ పంపకూడదు.

నా బెంగ వేరే ఉంది. మధ్యలో ఎవరూ లేని మాట మిగలదు. గ్లీగ్ ఉన్నాడు కాబట్టి మన్రో మిగిలాడు. సెన్సారు ఉన్నాడు కాబట్టి ఫ్రాన్సు సిపాయి మిగిలాడు. దత్తమండలాల ఊళ్ల కథలు కైఫీయత్తులుగా మనకు దక్కాయంటే అందుకు కారణమైన మెకంజీ కూడా స్కాట్లాండు దీవి నుంచి వచ్చిన సిపాయే. 1783లో వచ్చి, తిరిగి వెళ్లకుండానే 1821లో ఈ దేశంలోనే పోయాడు. ఆ కైఫీయత్తులను కడపలోని సి.పి. బ్రౌన్ భాషా పరిశోధన కేంద్రం సంపుటాలుగా అచ్చు వేసింది. పరదేశపు సిపాయి పోగు చేయించిన మన ఊళ్ల కథలు అక్కడ భద్రంగా ఉన్నాయి. మన ఊరి సిపాయి పరదేశం నుంచి రాసిన జాబులు మాత్రం ఆ బీరువాల పక్కకు చేరాలి ఇంకా. పాత మనియార్డరు 2015లో మూతపడింది, వాటి అడుగు ముక్కలు ట్రంకు పెట్టెల్లో ఉన్నవి ఉన్నాయి, చెదలు తిన్నవి తిన్నాయి. శ్రీలంక నుంచి వచ్చిన ఇన్‌లాండ్ లెటర్లు దాచిన తల్లులు ఇప్పుడు డెబ్బై, ఎనభై ఏళ్లవాళ్లు. మాజీ సైనికుల సంక్షేమ కార్యాలయం జిల్లాలో ఉంది, ఇళ్ల చిరునామాలు దాని రిజిస్టర్లలో ఉంటాయి. బ్రౌన్ కేంద్రమూ ఆ కార్యాలయమూ కలిసి ఒక్క వేసవిలో ఈ మూడు తాలూకాలు తిరిగితే చాలు. కొరియా, కాంగో ముద్రలున్న బిళ్లల కోసం స్టాంపులు సేకరించేవాళ్లు ఎప్పుడో తిరిగారు. కవరు మూల కత్తిరించి బిళ్ల తీసుకుని, లోపలి జాబును ఇంటివాళ్లకే వదిలేసి వెళ్లారు.